రైసినా వాలు, కాగితం మీద

న్యూఢిల్లీ కట్టడాల పాత నక్షా ఇవాళ విప్పాను. గంజి పట్టించిన పల్చటి ట్రేసింగ్ గుడ్డ మీద గీసిన ఆ షీటు మళ్లీ చుట్టుకుపోతూనే ఉంది. నాలుగు మూలలా బరువులు పెట్టాల్సిందే. నీటిచుక్క పడిందా, గంజి కరిగి తెల్లమచ్చ ఖాయం.

కొలతలకి స్కేలు పెట్టొద్దు. ఇండియా గేట్ ఎత్తు 42 మీటర్లు. షీటు ఒక్క శాతం కుంచించుకుంటే 42 సెంటీమీటర్లు మాయం! పైగా నిలువు ఒకలా, అడ్డం ఒకలా కుంచించుకుంటాయి. రాసిన అంకెలే చదవాలి. లేకపోతే షీటు మీదే, కొలిచే దిశలోనే గీసిన స్కేలు పట్టీ చూడాలి, అదీ షీటుతోపాటే కుంచించుకుంటుంది కాబట్టి.

పర్‌స్పెక్టివ్ బొమ్మలంటారా (కంటికి కనిపించేలా దూరం, లోతు చూపిస్తూ గీసేవి), అందంగా అబద్ధమాడతాయి. న్యూఢిల్లీ వాస్తుశిల్పులు లుట్యెన్స్, బేకర్ తగవుపడిన రైసినా కొండ వాలు సెక్షన్‌లోనే (నిలువుగా కోసి చూపే బొమ్మలోనే) తెలుస్తుంది: దిగువన నిలబడితే రాష్ట్రపతి భవనం మరుగై గుమ్మటమే మిగులుతుంది.