పీసీకి సొంత వాటర్ కూలింగ్: లూప్ తిరుగుతోంది

మొత్తానికి లూప్‌లో, అంటే పంపు, రేడియేటర్, ట్యూబులు కలిసిన చుట్టులో, నీళ్లు తిరుగుతున్నాయి. ప్రస్తుతానికి సీపీయూకి మాత్రమే పెట్టాను. గ్రాఫిక్స్ కార్డుకైతే సరిగ్గా ఆ మోడల్‌కి సరిపోయే బ్లాకే (చిప్పు మీద కూర్చుని దాని వేడిని నీళ్లకిచ్చే లోహపు దిమ్మ) కావాలి, అది దొరికాక కలుపుతాను.

360 మి.మీ. రాగి రేడియేటర్, 120 మి.మీ. ఫ్యాన్లు మూడు, డి5 రకం పంపు, దానిమీదే బిగించిన రిజర్వాయర్ (నీళ్లు పోసే చిన్న తొట్టి), మెత్తటి ట్యూబు. బ్లాకు కూడా రాగిదే, పైన నికెల్ పూత. అల్యూమినియం రేడియేటర్ చవగ్గా వస్తుంది గానీ, ఒకే నీళ్లలో రాగి, అల్యూమినియం కలిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

కొత్త రేడియేటర్ లోపల టంకం వేసినప్పటి ఫ్లక్స్ (టంకం బాగా అతకడానికి రాసే పదార్థం) మిగిలి ఉంటుంది. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం దాకా పోసి, రంధ్రాలు మూసి బాగా కుదిపి పారబోశాను. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. బోరు నీళ్లు అసలు వాడొద్దు, వాటిలోని లవణాలు బ్లాకులోని సన్నని గాడుల్లో పేరుకుంటాయి. లూప్‌లో పోసింది కూడా డిస్టిల్డ్ వాటరే. నాచు, తుప్పు పట్టకుండా అందులో మందు కలిపాను.

లీక్ టెస్టుకి మదర్‌బోర్డు, కార్డుల కేబుళ్లన్నీ తీసేసి, బోర్డు లేకుండానే పవర్ సప్లై ఆన్ అయ్యేలా దాని 24 పిన్ కనెక్టర్‌కి జంపర్ (రెండు పిన్నులను కలిపే తీగ) పెట్టి పంపుకి మాత్రమే కరెంటు ఇచ్చాను. నీళ్లు లేకుండా పంపు తిరగకూడదు, దాని బేరింగ్‌కి ఆ నీళ్లే కందెన. అందుకే రిజర్వాయర్ ఖాళీ అయ్యేలోపే ఆపడం, పోయడం, మళ్లీ ఆన్ చేయడం. కేసును అటూ ఇటూ వంచితే రేడియేటర్‌లో ఇరుక్కున్న బుడగలు బయటికొచ్చాయి. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపరు పెట్టి రాత్రంతా తిప్పాను. పొద్దున చూస్తే అన్నీ పొడిగానే ఉన్నాయి. టెన్షన్ పోయింది.

లూప్‌లో రేడియేటర్ ముందా, బ్లాకు ముందా అని చాలామంది బుర్ర బద్దలుకొట్టుకుంటారు. నిమిషానికి 3 లీటర్లు పారే నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 200 వాట్లు కావాలి. నా సీపీయూ అంత వాడదు, అంటే లూప్‌లో ఎక్కడ చూసినా నీళ్ల వేడిలో డిగ్రీ తేడా కూడా రాదు. కాబట్టి ట్యూబు ఎటు దగ్గరైతే అటు కలిపేశాను. రిజర్వాయర్ నుంచి నీళ్లు నేరుగా పంపులోకి దిగితే చాలు.

మన విజయవాడ ఎండల్లో అసలు ఆలోచించాల్సింది ఫ్యాన్ల గురించే. రేడియేటర్ ఎంత పెద్దదైనా నీళ్లు గదికన్నా చల్లబడవు. ఫ్యాన్లను సీపీయూ వేడికి ముడిపెడితే బ్రౌజర్ తెరిచినా ఒక్కసారిగా మోగుతాయి. నేను లూప్‌లో సెన్సర్ బిగించి, నీళ్ల వేడిని బట్టి తిరిగేలా పెట్టాను: 36 డిగ్రీల దాకా నెమ్మదిగా, 45కి పూర్తి వేగం. గది 33 ఉన్నప్పుడు గంటసేపు వీడియో రెండర్ చేస్తే నీళ్లు 41 దగ్గర నిలబడ్డాయి, ఫ్యాన్ల శబ్దం గదిలో ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. చాలా సంతోషంగా ఉంది.

అన్నిటికన్నా కింద డ్రెయిన్ వాల్వ్ ముందే పెట్టాను. కార్డు బ్లాకు రాగానే నీళ్లు దించి, ట్యూబులు కొలిచి మళ్లీ కోస్తాను.