‘కొంచెం జర్క్ ఇస్తుంది, అంతే’

అమెరికాలో మాస్టర్స్ చేస్తున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మే, డిసెంబర్ వచ్చాయంటే కార్ల అమ్మకాలు ఊపందుకుంటాయి. చదువైపోయి వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఉన్నపళంగా బండి వదిలించుకోవాలి. మూడు, నాలుగు వేల డాలర్ల కార్లు. ఫొటోలు తళతళలాడుతుంటాయి, ధర బయటికన్నా వెయ్యి తక్కువ, చివర్లో ఒక ముక్క: “గేర్ మారేటప్పుడు కొంచెం జర్క్ ఇస్తుంది, ఆయిల్ మారిస్తే పోతుంది.” అంత తేలిగ్గా పోయేదే అయితే అమ్మేవాడే మార్పించి ఆ వెయ్యి తనే మిగుల్చుకునేవాడు కదా! అలాగని ఆ మాట ప్రతిసారీ అబద్ధమూ కాదు. ఆయిల్‌తో పోయే జబ్బులు నిజంగానే కొన్ని ఉన్నాయి. ఏది పోతుంది, ఏది పోదు అన్నది బండిలో ఏ రకం గేర్‌బాక్స్ ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఈ ధరలో తగిలేవి ముఖ్యంగా మూడు. మొదటిది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న పాత పద్ధతి ఆటోమేటిక్: 2009–13 కరోలాలో నాలుగు గేర్లది, 2006–11 సివిక్‌లో ఐదు గేర్లది. రెండోది సీవీటీ: 2007 నుంచి వచ్చిన నిస్సాన్ ఆల్టిమా లాంటివి. గేర్లంటూ ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. మూడోది ఫోర్డ్ పవర్‌షిఫ్ట్: 2011 నుంచి ఫియెస్టాలో, 2012 నుంచి ఫోకస్‌లో వచ్చిన రెండు డ్రై క్లచ్‌ల పెట్టె.

పవర్‌షిఫ్ట్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను: వదిలేయండి. లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ సీళ్లు కారి ఆయిల్ క్లచ్ మీద పడుతుంది. పొడిగా ఉండాల్సిన క్లచ్ తడిస్తే పట్టీ పట్టనట్టు పట్టి, ట్రాఫిక్‌లో మెల్లగా కదిలేటప్పుడు బండంతా వణుకుతుంది. దీన్ని ఆయిల్ మార్చి బాగుచేయలేం, క్లచ్‌లు, సీళ్లు మార్చాల్సిందే. ఆ గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ గొడవ వేరే. అది పాడైతే ఒకరోజు బండి స్టార్టే అవదు, లేదా నడుస్తుండగానే న్యూట్రల్‌లో పడిపోతుంది. బండి లోపాలను కోడ్‌లుగా చూపే స్కానర్‌లో యూ0101 కనిపించిందంటే ఆ కంప్యూటర్‌తో సంబంధం తెగిందని అర్థం. ఫోర్డ్ వారంటీ పొడిగించింది నిజమే, క్లచ్‌కు 7 ఏళ్లు లేదా లక్ష మైళ్లు, కంప్యూటర్‌కు 10 ఏళ్లు లేదా లక్షన్నర మైళ్లు. కానీ ఇప్పుడు అమ్మకానికొచ్చే బండ్లలో చాలావాటికి ఆ గడువు తీరిపోయింది. అన్నట్టు, అదే ఫోకస్ మాన్యువల్‌లో దొరికితే ఈ తలనొప్పే లేదు. మన దగ్గర క్లచ్ తొక్కి నేర్చుకున్నవాళ్లకు అదేమంత కష్టం కాదు, అక్కడ మాన్యువల్ కొనేవాళ్లు తక్కువ కాబట్టి బేరమూ కుదురుతుంది.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు “నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి” అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే అమ్మేవాడు ముందే తిప్పి తెచ్చినట్టే. టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌లో గట్టిపడిన సీళ్ల బండారం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. బ్రేక్ తొక్కి పార్క్ నుంచి రివర్స్‌కు, తర్వాత డ్రైవ్‌కు మార్చండి. సెకను లోపు గేర్ పట్టాలి. రెండు మూడు సెకన్లు ఆలోచించి ధడేల్మని పడిందంటే ఆయిల్ తక్కువైనా ఉండాలి, లోపల ప్రెషరైనా తగ్గి ఉండాలి.

స్టార్ట్ చేశాక, కదిలే ముందే ఇరవై డాలర్ల ఓబీడీ స్కానర్ (ఇందాక చెప్పిన కోడ్‌ల స్కానర్) పెట్టండి. కోడ్‌లు లేవని సంబరపడొద్దు, పక్కనే ‘రెడీనెస్ మానిటర్లు’ చూడండి, బండి తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో అవి చెప్తాయి. వాటిలో సగం ‘నాట్ రెడీ’ అని ఉంటే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ వైరు పీకారు. బ్యాటరీ కొత్తదంటారు, నిజమే కావచ్చు. అయితే “మీరు ఓ వంద మైళ్లు నడపండి, మళ్లీ వచ్చి చూస్తా” అని చెప్పండి.

ఇక రోడ్డు మీదికి. కాలు తేలిగ్గా పెట్టి వేగం పెంచుతూ ఆర్‌పీఎం ముల్లు మీద ఓ కన్నేయండి. గేర్ మారేచోట ముల్లు దిగాల్సింది పోయి ఐదారు వందలు పైకెగిరి అప్పుడు దిగితే లోపల క్లచ్ జారుతోంది. అలాంటి బండిని అక్కడితో వదిలేయడమే మంచిది.

45 మైళ్ల వేగంలో, తేలికపాటి యాక్సిలరేటర్ మీద, రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తున్నట్టు సన్నగా గడగడలాడితే మాత్రం కంగారుపడకండి, అక్కడో చిన్న పరీక్ష ఉంది. వెనక ఎవరూ లేరని చూసుకుని, కుడికాలు యాక్సిలరేటర్ మీద అలాగే ఉంచి, ఎడమకాలితో బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రమే బ్రేక్ తాకండి. అలా తాకగానే టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ (వేగంలో ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపేది) విడిపోతుంది. వణుకు ఠక్కున ఆగితే తప్పు ఆ క్లచ్‌ది. అరిగిన ఆయిల్ వల్లే అయితే కొత్త ఆయిల్‌తో పోవచ్చు. ఆ క్లచ్ సరిగా పట్టట్లేదని చెప్పే కోడ్ పీ0741 కూడా ఉంటే ఆశ తగ్గించుకోండి. బ్రేక్ తాకినా వణుకు ఆగలేదంటే అసలు గేర్‌బాక్సే కాకపోవచ్చు, ఇంజన్ మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) కావచ్చు. పీ0301 నుంచి పీ0304 వరకు ఏదైనా వస్తే ఆ సిలిండర్ ప్లగ్గో, కాయిలో. గేర్‌బాక్స్ పోయిందనుకుని తక్కువకు అమ్మే బండి, కాయిల్ మార్చగానే చక్కబడే సందర్భం ఇదే. చౌక బేరం దొరికేది ఇక్కడే.

సీవీటీకి లెక్క తిరగబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడిలా నడుస్తుంది. కనీసం అరగంట, అందులో హైవే కలిపి తిప్పాలి. 20–40 మైళ్ల వేగం మధ్య జర్కు, ఇంజన్ అరుస్తున్నా వేగం పెరగకపోవడం, వేగంతోపాటు పెరిగే ఈలలాంటి శబ్దం, ఇవి బెల్టు, పుల్లీలు, బేరింగుల లోపాలు. 2013–16 ఆల్టిమాలకు నిస్సాన్ ఇచ్చిన 84 నెలలు, 84,000 మైళ్ల పొడిగింపు కూడా ముగిసిపోయింది. మొత్తం పెట్టె మార్చాలంటే 3,500 డాలర్ల పైమాటే, అంటే బండి ధర. ఎవరైనా ఆయిల్ మార్చామంటే రసీదులో ఆ బండికి చెప్పిన నిస్సాన్ సీవీటీ ఆయిల్ పేరు (2013 నుంచి వచ్చిన ఆల్టిమాలకు ఎన్‌ఎస్-3) ఉందో లేదో చూడండి. మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారి ఉన్నదీ పోతుంది.

గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ (ఆయిల్ చూసే పుల్ల) ఉన్న బండయితే తెల్ల టిష్యూ మీద చుక్క వేయండి. ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంటే కొత్తది. గోధుమ రంగు పర్లేదు. నల్లగా, మాడిన పోపులా వాసనేస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. రోజ్ మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ లోపల చిల్లుపడి కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి చేరింది, 2005–10 నిస్సాన్ ఎక్స్‌టెర్రా, పాత్‌ఫైండర్లకు ఇది పేరుమోసిన రోగం. రోజ్ మిల్క్ చూశాక బేరమాడకండి.

కాగితాల సంగతి: టైటిల్ (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీద పేరు, అమ్మేవాడి లైసెన్స్ మీద పేరు ఒకటే కావాలి. డీలర్ దగ్గర కొంటే, అద్దానికి అంటించిన బయ్యర్స్ గైడ్ అనే కాగితంలో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) దగ్గర టిక్ ఉంటే, గేటు దాటాక ఏ రిపేరైనా మీదే. విన్ నంబర్‌ను (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే పెండింగ్ రీకాల్స్ (కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయాల్సిన లోపాలు) ఉచితంగా కనిపిస్తాయి.

2006–11 సివిక్ తీసుకున్నారనుకుందాం, ఆయిల్ మార్పు ఇంట్లోనే అయిపోతుంది. గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టులో చదరపు గుంట ఉంటుంది, దానిలోకి 3/8 అంగుళాల రాచెట్ (బోల్టులు తిప్పే పనిముట్టు) సాకెట్ లేకుండా నేరుగా దిగుతుంది. ఒక్కసారి దించితే రెండున్నర క్వార్ట్‌లే (క్వార్ట్ అంటే లీటరుకు కాస్త తక్కువ) వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే దించడం, పోయడం, కొన్ని మైళ్లు నడపడం, ఇలా మూడుసార్లు. హోండా డీడబ్ల్యూ-1 అనే గేర్‌బాక్స్ ఆయిల్ ఎనిమిది క్వార్ట్‌లు, కొత్త వాషర్లు తెచ్చుకోండి. బోల్టు 36 పౌండ్-అడుగుల టార్క్‌తో బిగించాలి, అంతకు మించితే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. లెవెల్ చూసేది ఇంజన్ వేడెక్కాక, ఆపేసిన ఒక నిమిషం తర్వాత, నిమిషంన్నర లోపు. చాలా కంపెనీల్లో ఇంజన్ ఆన్‌లో ఉండగా చూస్తారు, హోండాలో అలా కాదు.

మొదటిసారి బోల్టు విప్పినప్పుడు దాని కొసనున్న అయస్కాంతాన్ని వేలితో తుడిచి చూడండి. కాటుకలా మెత్తటి బూడిదరంగు పేస్టు ఉంటే మామూలే. వేలికి ముక్కలు గుచ్చుకుంటే అది ఆయిల్‌తో పోయే జబ్బు కాదు, ఆ రెండున్నర క్వార్ట్‌లు పోసి బోల్టు బిగించేసి, సీలు తీయని ఆయిల్ డబ్బాలు షాపులో వాపసు ఇచ్చేయండి.