జీవాల నీటి తొట్టి: లెక్క ఎక్కడ తప్పుతోంది

అనంతపురం ఎండల్లో గొర్రెకు రోజుకు దాదాపు 8 లీటర్ల నీళ్లు కావాలి. 150 జీవాల మందకు 1,200 లీటర్లు. చాలా ఊళ్లలో తొట్టి కట్టేటప్పుడు ఈ లెక్క వేస్తారు, మంద అంతా ఒకేసారి నీళ్లమీద పడుతుందన్న సంగతి మాత్రం మరిచిపోతారు. అరంగుళం కుళాయి అంత వేగంగా నింపలేదు. ముందున్నవి తాగేస్తాయి, వెనకవి, ముఖ్యంగా పిల్లలు, దప్పికతోనే మళ్లుతాయి. అందుకే పక్కనే ఎత్తు దిమ్మె మీద 2,000 లీటర్ల ట్యాంకు పెట్టి, ఒకటిన్నర అంగుళం పైపుతో తొట్టికి కలపాలి.

తొట్టి గోడ అడుగు, అడుగుంపావు ఎత్తు చాలు. పశువుల కోసం రెండడుగులు కట్టేస్తే గొర్రెపిల్లకు అందదు. రెండూ వచ్చే చోట వేర్వేరు తొట్లే మేలు. పొడవు పెంచండి, లోతు కాదు.

తొట్టి నిండగానే నీళ్లు ఆపే బాల్ వాల్వ్‌ను విడి అరలో పెట్టి బండ మూయాలి, లేకుంటే కొమ్ములు తగిలి విరుగుతుంది. చుట్టూ ఆరడుగుల మేర బండలు పరవాలి. బురదలో నిలబడితే గిట్టలు కుళ్లుతాయి. అడుగున వాలు, చివర నీళ్లు వదిలేందుకు పెద్ద బిరడా తప్పనిసరి. అది లేని తొట్టిని ఎవరూ కడగరు. వారానికోసారి ఖాళీచేసి నాచు గీకాలి, నెలకోసారి సున్నం కొట్టి, ఆరాక ఒకసారి కడిగి నింపాలి.