ఆరెంజ్ షర్టు వేసుకెళ్లిన రోజు

మాది హనుమకొండ, ఇప్పుడు ఉండేది ఒంటారియోలో. సెప్టెంబర్ 30న పాపకు ఆరెంజ్ షర్టు వేసి పంపమని స్కూల్ నుంచి మెసేజ్ వస్తే ఏదో కలర్ డే అనుకున్నాను. సాయంత్రం పాపే చెప్పింది. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల ఆదివాసీ పిల్లకు అమ్మమ్మ కొనిచ్చిన కొత్త ఆరెంజ్ షర్టును మొదటి రోజే బడివాళ్లు గుంజుకున్నారట. కెనడాలో అలాంటి హాస్టల్ బడుల్లో 1,50,000 మందికి పైగా పిల్లల్ని పెట్టారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు, చివరి బడి మూతపడింది 1990ల్లోనే.

"మీ స్కూల్లో కూడా ఇట్లా చేసేవాళ్లా అమ్మా?" అని అడిగింది, ఇంగ్లీషులోనే. లేదు అనబోయి ఆగిపోయాను.

ఆరో తరగతిలో ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన కోయ అమ్మాయి నా పక్కన కూర్చునేది. హాస్టల్ పిల్ల. లెక్కలు చేసేటప్పుడు వేళ్ల కణుపులు ఒక్కొక్కటే ఒత్తుకుంటూ కోయలో గొణుక్కునేది. సార్ స్కేలుతో బెంచీ మీద కొట్టి "తెలుగులో లెక్కపెట్టు" అనేవాడు, క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వాను. దసరా సెలవుల నాటికి ఆమె పెదాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివాడు. బళ్లో దొరకని తెలుగు కోసం, 1904లో హనుమకొండలో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి పోయి పుస్తకాలు చదివేవాడట. ఆ ముచ్చట వింటూ పెరిగిన నాకు, పక్కనున్న పిల్లకు జరుగుతున్నదీ అదేనని తట్టలేదు. దారి లేక కాదు, 1940ల్లోనే, అదే నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో, ఆదివాసుల జీవితం మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త గోండీలో వాచకాలు తయారు చేయించి గోండు యువకులకే ట్రైనింగ్ ఇచ్చి పంతుళ్లను చేశాడు. ఇంటి మాటలో అక్షరాలు వచ్చిన పిల్లలు వేరే భాషలోకి భయం లేకుండా పోతారు, ఇది అప్పుడే తెలిసిన సంగతి.

పాపకు మూడేళ్లప్పుడు మాటలు ఆలస్యమవుతున్నాయని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరో చెబితే టెన్షన్‌తో తెలుగు ఆపేశాం. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, బలవంతం చేయలేదు, మా చేతులతో మేమే చేశాం. ఇప్పుడు ఫోన్లో మా అమ్మ "తిన్నవా బిడ్డా" అంటే పాప నా మొహం చూస్తుంది.

ఆ రాత్రి కోయ అమ్మాయి సంగతి పాపకు తెలుగులోనే చెప్పాను, ఆగి ఆగి, అర్థం కానిచోట మళ్లీ మళ్లీ. అంతా విని, కోయలో ఒకటి రెండు ఎట్లా అంటారని అడిగింది.

ఐదేళ్లు ఒకే క్లాసులో చదివాం. నాకు రాదు.