పది సెకన్ల పేర్పు, పక్క జట్టుతో పొత్తు

రోబోటిక్స్ పోటీలో అందరి కళ్లూ రోబో మీదే ఉంటాయి. రిమోట్ పట్టుకున్న పిల్లాడి మీద కాస్త పడతాయి. మైదానం అంచున నిలబడి చేత్తో డబ్బాలు పేర్చే పిల్లని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఎనిమిదో తరగతి చదివే మా పెద్దమ్మాయి వాళ్ల జట్టులో చేసేది ఆ పనే. హ్యూమన్ ప్లేయర్ అంటారు. ఆ పనికి ఎంత తెలివి కావాలో దగ్గర్నుంచి చూశాక, దాని మీద మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. డబ్బాల దగ్గర మొదలైన ఆ వాదన, ఈ ఊళ్లో పిల్లల్ని ఎలా పెంచాలన్న దాకా వెళ్లింది.

మేముండేది బరంపురంలో. నేను సోంపేట వైపు నుంచి పెళ్లయ్యాక వచ్చాను. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. వి.వి.గిరి పుట్టిన ఊరిది. బజారుకెళ్తే ఇప్పటికీ తెలుగులో బేరమాడొచ్చు. అయినా బోర్డుల మీద ఒడియా, ఆఫీసుల్లో ఒడియా. పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాతో అనేవారు, "రాష్ట్రం కాని రాష్ట్రంలో ఉన్నాం, సర్దుకుపోవాలమ్మా" అని. ఇంటి ఓనరుతోనూ, కుళాయి దగ్గరా, బళ్లో మీటింగుల్లోనూ అలాగే నెగ్గుకొచ్చాం. పిల్లలకీ అదే మాట అందింది.

ఇక ఆట సంగతి. బళ్లో టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే గది) చూసే సారు, అమెరికాలో బడి పిల్లలకి పెట్టే 'ఫస్ట్' రోబోటిక్స్ పోటీల పాత ఆటల్ని అట్టపెట్టెలతో చిన్నవిగా చేసి ఆడిస్తారు. మొన్న ఆడించినదానికి మూలం 2003 నాటి 'స్టాక్ అటాక్'. ఆ ఏడు అక్కడ రోబోలు కదలకముందే హ్యూమన్ ప్లేయర్లు మైదానంలోకి వెళ్లి ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి వచ్చేసేవారు. తర్వాత 15 సెకన్లు రోబో ఎవరి చెయ్యీ లేకుండా తనంతట తాను నడవాలి. ఆ పద్ధతి మొదలైందీ ఆ ఏడాదే. ఆపైన రిమోట్లు. అవతలివాళ్ల దొంతర మీదికి రోబోని తోలి పడగొట్టొచ్చు.

మా సారు పెట్టిన నియమాలు ఇంకా సులువు. ఒక్కో జట్టు గడిలో ఎనిమిది పెట్టెలు. నాలుగు ముందే పరిచి ఉంటాయి, మిగతా నాలుగూ హ్యూమన్ ప్లేయర్ చేతికిస్తారు. పది సెకన్లు టైము. ఆట అయ్యేసరికి ఎత్తైన దొంతరలో ఎన్ని పెట్టెలున్నాయో ఆ అంకెతో, దొంతరలో లేని పెట్టెల సంఖ్యని గుణిస్తారు. దొంతరలోవి మళ్లీ లెక్కకు రావు. గెలిచినవాళ్ల ఖాతాలో ఓడినవాళ్ల స్కోరు కూడా కలుస్తుంది. 2003లో అక్కడా దాదాపు ఇలాగే కలిపేవారు. ఆటలన్నిటిలో ఖాతాలో పడ్డ మొత్తాన్ని బట్టే ఎవరు పైనో తేలుతుంది.

చూడ్డానికి ఎంత ఎత్తు పేరిస్తే అంత లాభం అనిపిస్తుంది. కాదు. ఎనిమిదీ ఒకదాని మీద ఒకటి పెడితే గుణించడానికి పక్కన ఏమీ మిగలదు, స్కోరు సున్నా. ఏడు పేరిస్తే 7. ఆరు పేరిస్తే 12. ఐదు పేరిస్తే 15, నాలుగు పేరిస్తే 16. మూడు పేర్చినా 15 వస్తుంది. మరి ఒక్క పాయింటు కోసం ఊగే నాలుగో పెట్టె ఎందుకు? నేనూ అదే అడిగాను. రోబో తర్వాత మైదానం మధ్యలోంచి ఇంకో మూడు పెట్టెలు లాక్కొస్తుంది కదా, అప్పుడు మొత్తం పదకొండు అని చెప్పింది అమ్మాయి. మూడు పేర్చి ఉంటే 24, నాలుగైతే 28. మొదటి పది సెకన్లలో పెట్టిన పెట్టె విలువ చివరి నిమిషంలో తెలుస్తుంది.

పేర్చడంలోనూ దాని పద్ధతి దానికుంది. కిరాణా కొట్టునుంచి తెచ్చిన బిస్కెట్ల అట్టపెట్టెలవి. టేపు వేసిన వైపు కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ వైపు కిందికి రానివ్వదు. రెండేసి పెట్టెలు కలిపి, అరచేతులతో రెండు పక్కలా నొక్కి, పైదాన్ని గడ్డంతో అదిమి పట్టుకుని పరిగెడుతుంది. అలా రెండు విడతల్లో నాలుగూ అయిపోతాయి. రెండో విడత దించాక మూలలు కలిశాయో లేదో బొటనవేలు పైనుంచి కిందికి రాసి చూసుకుంటుంది, కళ్లతో చూడదు. గీతకి జానెడు లోపల పెడుతుంది. అంచున పెడితే సొంత రోబోయే తిరిగేటప్పుడు తోకతో కొట్టేస్తుందట.

ఆ రోజు అవతలి జట్టు రోబో దీని దొంతర దాకా వచ్చి, పక్కకి తిరిగి వెళ్లిపోయింది. మా వాళ్ల రోబో కూడా అటు దొంతర జోలికి వెళ్లలేదు. నా పక్కన కూర్చున్న ఒకాయన, మన తెలుగాయనే, "ఏంటమ్మా, మీవాళ్లు కొట్టరేంటి? ఒడియా వాళ్ల పిల్లలతో గొడవెందుకనా?" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇన్నాళ్లూ మేం నూరిపోసిన సర్దుబాటు దాని చేతుల్లోకి కూడా వచ్చేసిందా అని భయమేసింది. గెలవాల్సిన చోట కూడా ఒదిగి ఉంటే ఈ పిల్ల రేపు ఎలా నెగ్గుకొస్తుంది?

ఇంటికొచ్చాక అడిగాను. నోటు పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. అవతలి హ్యూమన్ ప్లేయర్ దాని క్లాస్‌మేట్ చెల్లెలే. ఆటకి ముందే ఇద్దరూ మాట్లాడుకున్నారట, మీది మేం కొట్టం, మాది మీరు కొట్టొద్దు అని. కొట్టుకుంటే దొంతరలు నేలమట్టమై చెరో పది పాయింట్ల దగ్గర ఆగిపోతారు. కొట్టుకోకపోతే ఒకరికి 28, ఇంకొకరికి 24 వచ్చినా గెలిచినవాళ్ల ఖాతాలో 52 పడతాయి. ఆ అమ్మాయి మూడేసి పేర్చుకుందాం, పడిపోయే భయం ఉండదు అందట. ఇది ఒప్పుకోలేదు. "సర్దుకుపోయేదాన్నైతే మూడుకే సరే అనేదాన్ని కదమ్మా. నాలుగంటేనే ఒప్పందం అన్నాను" అంది. మా అత్తగారు మంచం మీంచే, "అదేటే, వాళ్ల ఊళ్లో వాళ్లతోనే బేరాలా?" అన్నారు. "ఇది మా ఊరే కదా మామ్మా" అంది తడుముకోకుండా.

అక్కడ నేను కాసేపు ఆగిపోయాను. నాకిది వచ్చిన ఊరు, దానికి పుట్టిన ఊరు. నేను చుట్టంలా మెలిగిన చోట అది ఇంటిమనిషిలా బేరమాడుతోంది. నా భయం అక్కడితో పోయింది, సంతోషం కూడా వేసింది.

కానీ ఇంకో సంగతి మిగిలింది. మూడో జట్టు ఒకటుంది, దిగపహండి వైపు పల్లెనుంచి వచ్చిన ప్రభుత్వ బడి పిల్లలు. వాళ్లు ఆడిన ఆటలన్నీ గెలిచారు. అయినా అవి ఇరువైపులా దొంతరలు కూలిన ఆటలు కాబట్టి మొత్తం తక్కువై కిందికి జారారు. ఒప్పందం వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు. 2003లో అమెరికాలో కూడా ఇదే మీద గట్టి రభస జరిగింది. కొట్టుకోకుండా ఇద్దరూ ఒప్పుకుంటే అది వ్యూహమా, లేక ఆ మాటల్లో లేని జట్లకి అన్యాయమా అని. నా మటుకు అది అన్యాయమే. నియమం ఒప్పుకున్నా సరే.

అమ్మాయి ఒప్పుకోలేదు. "వాళ్లూ వచ్చి అడగొచ్చుగా, ఎవరు వద్దన్నారు?" అంది. అడగడం నీకు తేలిక, నీకు ఇక్కడందరూ తెలుసు అన్నాను. ఆ పిల్లలు గోడవారగా సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరితో మాట్లాడాలో తెలియక. కొత్తగా వచ్చినప్పుడు బడి గేటు దగ్గర నేను నిలబడింది అలాగే. లోపలున్నవాళ్లు ఒక్క మాట పిలిస్తే చాలని ఎంత అనిపించేదో!

అప్పుడు దానికి 'ఫస్ట్' వాళ్ల 2015 ఆట వీడియో చూపించాను. 'రీసైకిల్ రష్' అని, సారు చెబితే అంతకుముందే చూసి ఉన్నాను. అందులో ఒక జట్టు ఇంకో జట్టు వైపు వెళ్లడమే లేదు. హ్యూమన్ ప్లేయర్ గోడ అవతలనుంచి డబ్బాలు లోపలికి వదిలితే రోబో పేర్చుకుంటుంది. ఆరు డబ్బాల దొంతర, పైన చెత్తబుట్ట, అందులో ఒక నూడిల్ (ఈతకొలనులో వాడే పొడవాటి ఫోమ్ గొట్టం) పెడితే 42 పాయింట్లు. వాటితోపాటు మధ్య గట్టు మీద పసుపు డబ్బాలు నాలుగింటిని రెండు జట్లూ కలిసి ఒకే దొంతరగా నిలబెడితే ఇద్దరికీ చెరో 40. కలిసి పనిచేయడాన్ని నియమాల్లోనే రాసేశారు. ఎవరి స్నేహితురాలి చెల్లెలు ఎవరన్నదానితో పనిలేదు, ఎక్కణ్నుంచి వచ్చినవాళ్లకైనా అది దొరుకుతుంది. ఇలాంటిది మీ ఆటలోనూ పెట్టమని సార్ని అడగండి అన్నాను. అడిగారు. సారు ఆలోచిస్తానన్నారు.

అంతవరకూ అమ్మాయి చేస్తానన్నది ఇంతే: ఒప్పందం పెట్టుకుంటే ఆటకి ముందు అన్ని జట్లకీ వినపడేలా చెప్తుంది. సర్దుకుని మూడు మాత్రం పేర్చదు. దిగపహండి జట్టు అమ్మాయి ఫోన్ నంబరు సారు ఇస్తే నిన్న మాట్లాడింది. వాళ్లు నాలుగు కూడా వద్దంటున్నారట, చేతికిచ్చే పెట్టెలు ఐదు చెయ్యమని సార్ని అడుగుదాం, ఐదే పేరుద్దాం అంటున్నారట. పదకొండు పెట్టెల్లో ఐదు పేరిస్తే పక్కన ఆరు, ఐదారులు ముప్పై. మా అమ్మాయి లెక్కకంటే రెండెక్కువ. నోటు పుస్తకంలో రెండుసార్లు వేసి చూసుకుని, వాళ్లదే కరెక్టని ఒప్పుకుంది. పది సెకన్లలో ఐదో పెట్టె అందేదెలా అన్నది ఇప్పుడు పట్టుకున్న సమస్య. వరండా నిండా అట్టపెట్టెలే, టైమరు నా చేతిలో ఉంది.