పాలెర్మో ఒప్పందం, మా వీధి కుర్రాడు, నా పదిహేను మార్కుల జవాబు

తోటి అభ్యర్థులకు,

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మూడో పేపరులో వ్యవస్థీకృత నేరాలు, మనీ లాండరింగ్ (నేరపు సొమ్మును సక్రమ సొమ్ముగా చూపించడం) భాగాన్ని మొదటి ప్రయత్నంలో నేను బట్టీ పట్టి రాశాను. దేశాల సరిహద్దులు దాటే వ్యవస్థీకృత నేరాలపై పాలెర్మో ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2000 నవంబరులో ఆమోదించడం, అవినీతి నిరోధక ఒప్పందం 2003లో రావడం, ఆ రెండింటినీ భారత్ 2011 మేలో ధ్రువీకరించడం, మన మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జులై 1 నుంచి అమల్లోకి రావడం, అన్నీ వరసగా దించేశాను. తప్పొక్కటీ లేదు, మార్కులూ లేవు.

రెండో ప్రయత్నానికి శ్రీకాకుళంలో గది తీసుకుని చదువుతున్న రోజుల్లో మా వీధి కుర్రాడొకడు కంబోడియా నుంచి తిరిగి వచ్చాడు. ఉద్యోగాల పేరిట యువకులను అక్కడికి పంపి సైబర్ మోసాలు చేయిస్తున్న వ్యవహారంలో విశాఖపట్నం పోలీసులు 2024 మేలో ఏజెంట్లను అరెస్టు చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఇతడూ అలాగే డేటా ఎంట్రీ ఉద్యోగమని లక్షన్నర కట్టి వెళ్లినవాడే. దిగిన రోజే పాస్‌పోర్టు లాక్కుని, అమ్మాయి ఫొటోతో ఒక ఖాతా ఇచ్చి, తెలుగువాళ్లతోనే తెలుగులో మాట కలపమన్నారట. ఇది మనుషుల అక్రమ రవాణా కిందకు వస్తుందని నేనంటే అతడు ఒప్పుకోలేదు. "నన్నెవరూ ఎత్తుకుపోలేదన్నా, విమానం నేనే ఎక్కాను" అన్నాడు.

ఆ రాత్రి మనుషుల అక్రమ రవాణాపై పాలెర్మో ఒప్పందపు అనుబంధ ప్రోటోకాల్‌ను మొదటిసారి శ్రద్ధగా చదివాను. అక్రమ రవాణాకు అది మూడు అంగాలు చెబుతుంది: మనిషిని చేర్చుకోవడమో తరలించడమో చేసిన పని, దానికి వాడిన బలప్రయోగం, మోసం వంటి సాధనం, చివరికి దోపిడీ అనే ఉద్దేశం. మోసంతో రాబట్టిన సమ్మతికి విలువ లేదని మూడో అధికరణం స్పష్టంగా చెబుతుంది కనుక, విమానం తానే ఎక్కినంత మాత్రాన ఆ కుర్రాడు బాధితుడు కాకుండా పోడు. నాలుగేళ్లుగా నా నోట్సులో ఒక్క పంక్తిగా పడి ఉన్న విషయమిది.

అక్కడి నుంచి ప్రతి చట్టాన్నీ ఒకే ప్రశ్నతో చదివాను: ఇది ముఠా పనిని ఏ మెట్టు దగ్గర ఆపుతుంది? ఇచ్ఛాపురం దగ్గరి పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటే గంజాయి లారీకైనా, నకిలీ పత్రాలతో దేశం దాటే మనిషికైనా, డబ్బు పుచ్చుకుని కళ్లు మూసుకునేవాడు ఒకడు దొరికితే దారి సుగమమవుతుంది. అందుకే పాలెర్మో ఒప్పందం ముఠాలో చేరడాన్నీ, మనీ లాండరింగ్‌నూ నేరాలుగా చేయమన్న చోటే, ఎనిమిదో అధికరణంలో, అవినీతినీ నేరంగా చేయమంది. 1992లో మాఫియా ఇటలీ న్యాయమూర్తులు ఫాల్కోనేను పాలెర్మో దగ్గర, బోర్సెల్లినోను పాలెర్మోలో హతమార్చింది. ఆ నగరంలోనే సంతకాలైన ఒప్పందానికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? మన దగ్గర 1993 ముంబయి పేలుళ్ల తర్వాత వేసిన వోహ్రా కమిటీ కూడా నేరగాళ్లు, రాజకీయ నాయకులు, అధికారుల మధ్య ఉన్న లంకెనే ఎత్తిచూపింది.

చట్టాలను ఇలా చదివితే వాటి బలంతోపాటు లోటు కూడా కనిపిస్తుంది. ముఠా అనడానికి పాలెర్మోకు ముగ్గురు కావాలి, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షనుకు ఇద్దరు చాలు. కానీ అదే సెక్షను వర్తించాలంటే గడచిన పదేళ్లలో ఒకటికి మించిన చార్జిషీట్లు ఉండాలి కనుక, కొత్తగా పుట్టిన ముఠాను దీని కిందికి తేవడం తేలిక కాదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమైంది, అయితే ఒత్తిడికి లొంగి ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంటుంది. విదేశీ అధికారులకు ఇచ్చే లంచాలపై 2011లో వచ్చిన బిల్లు మాత్రం చట్టం కాకుండానే మురిగిపోయింది. విమర్శ రాయమన్న ప్రశ్నకు ఈ ఒక్క ఖాళీని చూపించడం, నా దృష్టిలో, పది సంస్థల పేర్లు రాయడం కంటే మేలు.

అభ్యర్థులు ఎక్కువగా వదిలేసేది సొమ్ము తిరిగి రాబట్టే భాగం. అవినీతి నిరోధక ఒప్పందంలో అయిదో అధ్యాయమంతా దాని గురించే. 2018 నాటి పరారీ ఆర్థిక నేరగాళ్ల చట్టం వంద కోట్లు, అంతకు మించిన నేరాలకే వర్తిస్తుంది. మా కుర్రాడు ఏజెంటుకు కట్టిన లక్షన్నర ఆ లెక్కలోకి రాదు. దానికి ప్రధానంగా స్థానిక పోలీసు కేసు, ఏజెంటు ఆస్తి జప్తే దారి. రెండోసారి పరీక్షలో పదిహేను మార్కుల జవాబును సరిగ్గా ఈ తేడాతోనే మొదలుపెట్టాను.