కలర్ థియరీ: చక్రం బట్టీ పట్టడం కన్నా రంగులు కలపడం ముఖ్యం (నిఫ్ట్, ఎన్‌ఐడీ రాసేవాళ్లకి)

నిఫ్ట్, ఎన్‌ఐడీ లాంటి ఫ్యాషన్, డిజైన్ కాలేజీల ఎంట్రన్స్‌లకి ప్రిపేర్ అవుతున్నవాళ్లలో చాలామంది కలర్ థియరీ అనగానే పన్నెండు రంగుల చక్రం గీసేసి, ప్రైమరీ, సెకండరీ, కాంప్లిమెంటరీ అని బట్టీ పట్టి, చాప్టర్ అయిపోయిందనుకుంటారు. అది ఒక పూట పని. మిగతాదంతా చేత్తో కలిపితేనే వస్తుంది, నాకు ఎక్కువగా పనికొచ్చింది కూడా అదే.

ఎరుపు, నీలం కలిపితే ఊదా అని పుస్తకంలో ఉంటుంది కదా, పోస్టర్ కలర్స్‌లో వెర్మిలియన్ అనే ఎరుపుని అల్ట్రామెరీన్ అనే నీలంతో కలిపి చూడండి, గోధుమ రంగు తిరిగిన మురికి ఊదా వస్తుంది. వెర్మిలియన్ పసుపు వైపు మొగ్గిన ఎరుపు, ఆ పసుపే ఊదాని చంపేస్తుంది. అదే నీలం వైపు మొగ్గిన ఎరుపు, క్రిమ్సన్ వాడితే నిగనిగలాడే వంకాయ రంగు వస్తుంది. మీ దగ్గరున్న ప్రతి రంగూ ఎటు మొగ్గుతుందో ఇలా తెలుసుకోండి, ఆ తర్వాత మావిచిగురు, కనకాంబరం, నెమలికంఠం ఒక్కొక్కటీ ఎదురుగా పెట్టుకుని అచ్చంగా అదే రంగు వచ్చేదాకా కలపండి. ఓపిక కావాలి, కానీ ఏ కోచింగ్ మెటీరియల్లోనూ ఇది దొరకదు.

ఇంకోటి, పక్క రంగు ప్రభావం. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాలు చూసుకునే షెవ్రూల్ అనే కెమిస్ట్‌కి, నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులొచ్చాయట. ఆయన పరీక్షిస్తే నూలు బాగానే ఉంది, పక్కనున్న నీలం వల్లే అలా కనిపిస్తోంది! 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశారు. మీరూ ఒకే బూడిద రంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి ఎరుపు మీద, ఒకటి ఆకుపచ్చ మీద పెట్టండి. ఎరుపు మీదది కాస్త ఆకుపచ్చగా, ఆకుపచ్చ మీదది కాస్త గులాబీగా కనిపిస్తుంది.

థియరీ ప్రశ్నల్లో మాత్రం అడిగింది కాంతి గురించా, పెయింట్ గురించా అని ముందు చూసుకోండి. ఎరుపు కాంతి, ఆకుపచ్చ కాంతి కలిస్తే పసుపు, పెయింట్‌లో అవే కలిస్తే మట్టి రంగు. టెన్షన్‌లో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

అన్నిటికన్నా ముఖ్యం వాల్యూ, అంటే రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నది. వేసిన బొమ్మని ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు రంగుల్లో అదిరిపోయినట్టుంటాయి, ఫొటోలో చాలాసార్లు రెండూ ఒకే బూడిదగా కలిసిపోతాయి, దూరం నుంచి చదవలేరు. అందుకే ఎగ్జామ్‌లో పోస్టర్ ఇస్తే ముందు పెన్సిల్‌తోనే ముదురు, మధ్యస్తం, లేత మూడూ ఎక్కడెక్కడో పక్కన చిన్నగా గీసుకుని, అప్పుడు రంగుల డబ్బా తెరవండి.